ఎనిమిది వేల లైన్ల క్లాసు

పొద్దున్న ఐదూ నలభైకి పండు ఫోను మోగింది. ఆమె మంచం మీదే ఉండి విన్నది. హాల్లో తల్లి అడుగుల చప్పుడు, ఆ వెనకే మోత ఆగడం. తల్లి ఇప్పుడు ఆ ఫోనుని అరచేత్తో తుడిచి మళ్ళీ ఛార్జింగుకి పెడుతుంది. రోజూ జరిగేదే కనక లేచి చూడనక్కర లేదు.

పండు ఆమె తమ్ముడు. ఆ అలారం పెట్టుకున్నవాడు ఏడు నెలల కిందట స్కూటరెక్కి పనికి వెళ్ళి తిరిగి రాలేదు. అలారం మాత్రం వేళ తప్పలేదు. ఫోను లాకు నంబరు వాళ్ళకి తెలీదు, షాపులో ఇస్తే ఆపించేయొచ్చని ఆమె ఒకసారి అంది. "దాని మానాన అది మోగుతుంది. నీకేమైనా అడ్డమా?" అంది తల్లి. అడ్డమేమీ కాదు. ఆ మాటకొస్తే ఈ ఏడు నెలల్లో ఆమెకి ఏదీ అడ్డం కాలేదు, ఏదీ ఇష్టమూ కాలేదు. తిన్నావా అంటే తిన్నానని, ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానని చెప్పేది. అబద్ధం చెబుతున్నానని కూడా అనిపించేది కాదు.

ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టులో అద్దం ఉంటుంది కాబట్టి ఆమె మెట్లెక్కి వెళ్ళింది.

వాళ్ళ కంపెనీ డయాలసిస్ సెంటర్లకి ప్రోగ్రాం రాసి ఇస్తుంది. ఏ రోజు, ఏ షిఫ్టులో, ఏ రోగికి ఏ బెడ్డు అన్నది ఆ ప్రోగ్రామే చెబుతుంది. ఆ పనంతా నెత్తిన వేసుకున్నది ఒకే ఒక్క క్లాసు. క్లాసంటే ఒక పనికి కావలసిన సరంజామా అంతా ఒకచోట కట్టిపెట్టిన మూట. మూటకొక పని ఉండాలి. ఇందులో మాత్రం బెడ్లు కేటాయించడం, సెలవులు సర్దడం, రోగులకి మెసేజీలు పంపడం, నర్సులకి డ్యూటీలు వేయడం, ఆఖరికి ప్రింటరులో కాగితాలు అయిపోతే కేకెయ్యడం కూడా ఉన్నాయి. మొత్తం ఎనిమిది వేల లైన్లు. దాని అసలు పేరు బుకింగ్ మేనేజర్. ఆఫీసులో అందరూ పిలిచేది మాత్రం ఉమ్మడి కుటుంబమని. ఒకరి గిన్నెలో ఇంకొకరు చెయ్యి పెడతారు, ఎవరినీ అడగరు. ఒకరికి జలుబు చేస్తే పదిమందీ తుమ్ముతారు.

"వీళ్ళందరిచేతా వేరు కాపురాలు పెట్టించండి మేడం," అన్నాడు టీం లీడ్ మూడు వారాల కిందట. లీడ్ ఆమెకన్నా మూడేళ్ళు చిన్నవాడు. వచ్చి నాలుగు నెలలైంది. మర్యాదస్తుడే. "ఒక్కటే షరతు. ఏదీ మార్చొద్దు. ఉన్నది ఉన్నట్టు తీసి వేరే చోట పెట్టండి. బాగుచెయ్యాలనిపించినా చెయ్యొద్దు. రెండూ ఒకేసారి పెట్టుకుంటే దేనివల్ల ఏది పాడైందో తెలీదు."

ఆమెకి అది సరిగ్గా సరిపోయింది. యాభై లైన్లు కత్తిరించు. కొత్త ఫైలు తెరువు. అతికించు. దానికొక పేరు పెట్టు. అన్నీ మునుపటిలాగే పనిచేస్తున్నాయో లేదో చూసే టెస్టులు నడుపు. నాలుగు వందల పన్నెండు టెస్టులూ ఆకుపచ్చగా వస్తే దాచు, ఒక్కటి ఎర్రగా వచ్చినా వెనక్కి వెళ్ళు. అర్థం చేసుకోమని ఎవరైనా అడిగితే ఆమె వల్ల అయ్యేది కాదు. జరపమన్నారు కాబట్టి జరిపింది. చీపురుతో గది ఊడ్చినట్టు, ఈ మూల నుంచి ఆ మూలకి.

సోమవారం పొద్దున్నకి మూడే మిగిలాయి.

"ఇంకెంతమంది ఉన్నారమ్మా ఇంట్లో?" అంటూ పెద్దాయన ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ కుటుంబాన్ని పద్నాలుగేళ్ళు పెంచి పోషించినవాడు ఆయనే. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఏడాదికొకసారి గడువు పొడిగించే ఉద్యోగం, ఈ నెలాఖరుకి మళ్ళీ ఆ గడువు తీరుతుంది. స్క్రీను మీద చదవడం ఆయనకి పడదు. లైన్లన్నీ కాగితాల మీద ముద్రించుకుని, ఒక్కో లైను కింద చెక్క స్కేలు పెట్టి, ఎర్ర పెన్సిలు చెవిలో దోపుకుని చదువుతాడు.

"ముగ్గురు సార్. సెలవుల సర్దుబాటు, మెసేజీలు, ప్రింటరు."

"ప్రింటరుని చివర్న పంపు. అసలే అలకెక్కువ వాడికి." ఆయన ఆమె పెట్టిన కొత్త పేర్ల జాబితా చేతిలోకి తీసుకుని స్కేలు జరుపుకుంటూ చదివాడు. "ఇదేంటి, 'హెల్పర్' అని పెట్టావు? ఎవరికి హెల్పు? పేరు చూస్తే పని తెలియాలమ్మా."

కొత్తగా చేరినవాళ్ళందరికీ ఆయన చెప్పే మొదటి పాఠం అదే. పదకొండేళ్ళ కిందట ఆమెకీ అదే చెప్పాడు. ఆమె పేరు మార్చింది. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.

"అమ్మ ఎలా ఉన్నారు?"

"బాగానే ఉంది సార్."

ఆయన తలాడించి వెళ్ళిపోయాడు. పండు పోయిన మూడో రోజున ఆయన వాళ్ళింటికి వచ్చి, హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో గంటసేపు కూర్చుని, ఒక్క మాటా అనకుండా లేచి వెళ్ళాడు. వచ్చినవాళ్ళందరిలోకీ ఆమెకి గుర్తున్నది ఆయనొక్కడే.

మధ్యాహ్నానికి ప్రింటరు కూడా గడప దాటింది. నాలుగు వందల పన్నెండూ ఆకుపచ్చ. ఒక పెద్ద క్లాసు ఉన్నచోట పంతొమ్మిది చిన్న క్లాసులు నిలబడ్డాయి. లీడ్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. ట్రైనీలు ఇద్దరూ కొట్టారు. ఆమె "థాంక్స్" అని, నీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళింది.

*

బుధవారం పదిన్నరకి సెంటరు నుంచి హెడ్ సిస్టరు ఫోను చేసింది. లీడ్ స్పీకరులో పెట్టాడు.

"నిన్న ఒకే బెడ్డుకి ఇద్దరు వచ్చారండీ. ఒకటో నంబరు బెడ్డుకి. ఇద్దరి ఫోన్లలోనూ మీ మెసేజీ ఉంది. సోమవారం సాయంత్రం మా నీళ్ళ పైపు పగిలి ఒక షిఫ్టు ఆపేశాం కదా, వాళ్ళందరినీ మీ ప్రోగ్రామే నిన్నటికి సర్దింది." సిస్టరు ఊపిరి తీసుకుంది. "రెండో ఆయన దర్జీ. రెండు బస్సులు మారి వచ్చాడు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, ఏ బెడ్డూ ఖాళీ కాలేదని పంపించేశాం. తెల్లవారుజామున ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చారు. ఇప్పుడు కాస్త నయమే. కానీ ఆయన భార్య నా కౌంటరు ముందే నిలబడి ఉంది. ఎవరి వల్ల జరిగిందో చెప్పమంటోంది. చెప్పండి, నన్నేం చెప్పమంటారు?"

తప్పు కనుక్కోవడానికి ఆమెకి పది నిమిషాలు పట్టింది. ఇదివరకటి ఎనిమిది వేల లైన్లలో అయితే పది గంటలు పట్టేది. సెలవుల సర్దుబాటు అనే చిన్న క్లాసులో ఏడో లైను. ప్రోగ్రాములో లెక్క ఒకటి నుంచి కాదు, సున్నా నుంచి మొదలవుతుంది. బెడ్లు పన్నెండు, అంటే సున్నా నుంచి పదకొండు దాకా లెక్కపెట్టాలి. ఆ లైను సున్నా నుంచి పన్నెండు దాకా లెక్కపెడుతోంది. వెరసి పదమూడు. పదమూడో బెడ్డంటూ లేదు కనక పదమూడో మనిషికి మళ్ళీ ఒకటో బెడ్డే ఇచ్చేసింది. ఈ పని నేర్చుకునే ప్రతివాడూ మొదటి నెలలో ఒకసారైనా చేసే తప్పు అది. సర్దుబాటు రోజున పన్నెండు బెడ్లూ నిండిపోవడం ఇదివరకెప్పుడూ జరగలేదు కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదు.

లీడ్ అందరినీ చిన్న గదిలో కూర్చోబెట్టి ఆ ఫైలుని గోడ మీది తెరకెక్కించాడు. ఏ లైనుని ఆఖరున ఎవరు ముట్టుకున్నారో చూపించే పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని బ్లేమ్ అంటారు, అంటే నింద. పేరు పెట్టిందెవరో గాని, దాచుకోకుండా పెట్టారు. పట్టికలో పై నుంచి కింద దాకా ప్రతి లైను పక్కనా ఆమె పేరే ఉంది. పేరు పక్కన సోమవారం తేదీ ఉంది.

"మేడం, ఇది సోమవారం మీరు మార్చిందే కదా?"

"మార్చలేదు. జరిపాను."

"జరిపేటప్పుడు చూడలేదా?"

బాగుచెయ్యొద్దన్నది మీరే కదా అనాలి. ఆ మాట ఆమె నోటి దాకా వచ్చినట్టే వచ్చి ఎక్కడో ఆగిపోయింది. ట్రైనీల్లో ఒకమ్మాయి తన గోళ్ళకేసి చూసుకుంటోంది.

"సరే, ఇంకా వెనక్కి వెళ్ళి చూద్దాం. అసలు రాసిందెవరో," అంటూ లీడ్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"ఇప్పుడెందుకు బాబూ అదంతా?" అన్నాడు పెద్దాయన. గొంతు కొంచెం పెద్దదిగానే వచ్చింది. "ముందు ఆ లైను సరిచేసి సెంటరుకి పంపండి. ఇవాళ సాయంత్రం సర్దుబాటులో ఇంకెవరినైనా బెంచీ మీద కూర్చోబెడతారేమో చూసుకోండి. చరిత్రలు తరవాత చదువుకోవచ్చు."

అదీ నిజమేననిపించి లీడ్ కీబోర్డు వదిలేశాడు. ఆమె అక్కడే తన ల్యాప్‌టాప్ తెరిచి లైను సరిచేసింది. ఒకే ఒక్క గుర్తు చెరపాలి. చెరిపింది. టెస్టులు ఆకుపచ్చగా వచ్చాయి. మొన్న కూడా అలాగే వచ్చాయి.

"సెంటరుకి శుక్రవారం సాయంత్రంలోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి," అన్నాడు లీడ్. "కారణమేంటి, ఎవరి వల్ల అని. పేరు కావాలంటున్నారు. అప్పటిదాకా మీరు ఈ ప్రాజెక్టు నుంచి కాస్త పక్కకుండండి మేడం. తరవాత సంగతి పైవాళ్ళు చూస్తారు."

కాస్త పక్కకుండమన్న మనిషి తిరిగి అదే కుర్చీలో కూర్చోవడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఇంట్లో సంపాదించేది ఇప్పుడు ఆమె ఒక్కతే. ఆమె పెద్దాయన వైపు చూసింది. ఆ లైను ఆయన రాసిందే అయ్యుండాలి. ఆ ఇంట్లో ఆయన చెయ్యి పడని గది లేదు. ఆయన ఒక్క మాట అంటే సరిపోతుంది. ఆయన చెక్క స్కేలుని బల్ల అంచుకి సమంగా సర్దుతున్నాడు. సర్దాక ఇంకోసారి సర్దాడు. మీటింగు అయిపోయింది.

*

గురువారం అలారం మోగాక ఆమె హాల్లోకి వచ్చింది. తల్లి ఫోను తుడుస్తోంది.

"ఆఫీసులో ఏదో అయిందా?" అడిగింది తల్లి తల ఎత్తకుండానే.

"ఏం లేదు."

"రాత్రి అన్నంలోకి పెరుగు వేసుకుని, మళ్ళీ కూర వేసుకున్నావు. రెండూ కలిపి తినేశావు."

ఆమె ఒక కుర్చీ లాక్కుని కూర్చుని జరిగింది చెప్పింది. వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"నువ్వు చేసింది కాదని చెప్పొచ్చుగా?"

"చేసినాయన నోరు విప్పలేదమ్మా."

"ఎవరు? ఇంటికొచ్చి గంటసేపు కూర్చున్నారే, ఆయనా?" తల్లి చేతిలో ఫోను అలాగే ఉంది. "ఆయన అలాంటి మనిషిలా లేడే."

ఆ మాటకి ఆమెకి కోపం వచ్చింది. బస్సులో కూర్చున్నాక కూడా తగ్గలేదు. ఏడు నెలల్లో ఆమెలో పైకి లేచిన మొదటి సంగతి అదే, అదీ ఆయన మీద లేచింది. కుర్చీలో గంటసేపు కూర్చోవడం ఎవరికైనా వచ్చు. నిన్న ఒక్క నిమిషం మాట్లాడడం రాలేదు.

మధ్యాహ్నం పెద్దాయన క్యాంటీను మూల సింకు దగ్గర తన కప్పు కడుక్కుంటున్నాడు. ఆమె వెనకాల నిలబడింది.

"సార్, నిన్న మీరేం అనలేదు."

ఆయన కుళాయి కట్టేశాడు. "ఏమనమంటావమ్మా?"

"ఆ లైను ఎవరు రాశారో మీకు తెలుసు."

"తెలుసు."

"మరి?"

ఆయన కప్పు బోర్లించి, నీళ్ళన్నీ కారిపోయేదాకా చూశాడు. "తెలిసినవన్నీ పైకి చెప్పాలా? నీ మీదకి రాదులే. నువ్వు దిగులు పెట్టుకోకు."

దిగులంటే ఏమిటో మరిచిపోయినదానితో అనే మాట కాదది. ఆమె తన బల్ల దగ్గరికి వచ్చింది. బ్లేమ్ పట్టికకి ఇంకో ఆజ్ఞ కలిపితే, జరిపిన లైనుని అది జరగకముందున్న చోటికి వెంటాడుకుంటూ వెళుతుంది. మూడు అక్షరాల పని. నొక్కింది. ఆమె పేరు పోయి పెద్దాయన పేరు వచ్చింది. పదకొండేళ్ళ కిందటి తేదీ, సాయంత్రం ఆరూ పది.

అనుకున్నదే. ఆ తెరని ఫోనుతో ఫొటో తీసి లీడ్‌కి మెయిల్‌లో పెట్టి, "పాత వివరం జతపరిచాను, చూడగలరు," అని రాసింది. పంపేముందు చెయ్యి ఆగుతుందేమోనని చూసింది. ఆగలేదు. మూడూ యాభైకి పంపింది. పెద్దాయన రెండు బల్లల అవతల స్కేలు జరుపుకుంటూ చదువుతున్నాడు. ఆమె కోపం అప్పటికే చల్లారిపోయింది. దాని చోట మళ్ళీ మామూలుగా ఉండేదే వచ్చి కూర్చుంది.

*

శుక్రవారం పదకొండింటికి లీడ్ ఆమెని పిలిచాడు.

"మీ మెయిల్ చూశాను. నిజానికి అవసరం లేకపోయింది మేడం. పెద్దాయన నిన్న పొద్దున్నే వచ్చి కాగితం ఇచ్చేశారు." సొరుగు లాగి చూపించాడు. గీతల కాగితం మీద నీలం సిరా, నాలుగే లైన్లు. తప్పు తనదేనని, గడువు పొడిగించనక్కర లేదని. "మీరు మెయిల్ పంపేసరికి ఇది నా దగ్గరే ఉంది. మీకు చెప్పడం ఆలస్యం చేశాను, సారీ. మీరిక పక్కకుండాల్సిన అవసరం లేదు."

"నిన్న పొద్దున్నా?" అంది ఆమె.

"తొమ్మిదిన్నరకి. ఇంకో చిన్న పని మేడం. సెంటరుకి పంపే జవాబుతో పాటు ఆ లైను పుట్టినప్పటి నుంచీ ఉన్న చరిత్ర మొత్తం ఇవ్వాలి. మీరైతే తొందరగా తీస్తారు. మూడింటికి అందరం కూర్చుని ముగించేద్దాం."

ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. సింకు దగ్గర ఆయనతో మాట్లాడే సమయానికి ఆ కాగితం సొరుగులో ఉంది. నీ మీదకి రాదులే అని ఆయన అన్నది ఊరడింపు కాదు, అయిపోయిన పని. ఈ సంగతి ఆమె రెండుమూడు సార్లు అనుకుంది. అనుకున్నప్పుడల్లా మెయిల్ పంపిన బొటనవేలు గుర్తొచ్చింది.

చరిత్ర తెరిచింది. నిన్న ఆమె పదకొండేళ్ళ కిందటి ఆ సాయంత్రం ఆరూ పది దగ్గరే ఆగిపోయింది. ఆ మార్పు పక్కన పెద్దాయన రాసిన ముక్క ఉంది: "పేరు సరిచేశాను." అంతే. లైను రాసినట్టు కాదు, పేరు సరిచేసినట్టు. అయితే దానికి ముందు ఇంకోటి ఉండాలి. ఇంకో మెట్టు దిగింది. అదే రోజు, నాలుగూ ఇరవై. పేరు పెద్దాయనదే, లాగిన్ పెద్దాయనదే. లైను అదే లైను. లెక్కపెట్టుకుంటూ వెళ్ళే వేరియబుల్, అంటే అంకె దాచుకునే డబ్బా, దాని పేరొకటే వేరు.

పండు సున్నాతో మొదలవుతుంది. పండు పన్నెండు దాకా వెళుతుంది. ప్రతిసారీ పండుకి ఒకటి కలుపు.

ఆమె ఆ లైనుని చాలాసేపు చూసింది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి నెల లాగిన్ ఇచ్చేవారు కాదు. పెద్దాయన కుర్చీ పక్కకి జరిగి, ఆయన మెషీను మీదే కూర్చోబెట్టేవాడు. అప్పట్లో ఆమె ఇలాంటి చిల్లర డబ్బాలన్నిటికీ తమ్ముడి పేరే పెట్టేది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెబితే ఎనిమిదో తరగతి చదువుతున్న పండు ఎగిరి గంతేశాడు. "నన్ను కంప్యూటర్లో పెట్టావా? అక్కడ నాకేం పని?" "లెక్కపెట్టడం." "చంపావు! నాకు లెక్కల్లో పాసు మార్కులే కదక్కా," అన్నాడు.

ఏడుపు రాలేదు. గొంతులో ఏదో అడ్డం పడింది. నీళ్ళు తాగితే పోలేదు. ఇన్నాళ్ళకి ఏదో ఒకటి అడ్డం పడింది.

పెద్దాయన పద్నాలుగేళ్ళ కాగితాలని రెండు కుప్పలుగా వేరుచేస్తున్నాడు. ఆమె వెళ్ళి ట్రైనీ కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"ఆ రోజు మీరు మార్చింది పేరొక్కటే సార్."

ఆయన చేతిలో కాగితం ఆగింది. "చూశావా?"

"రాసింది నేను. ఎందుకు చెప్పలేదు?"

"లాగిన్ నాది. సాయంత్రం ఆ లైను చదివింది నేను. పేరు బాలేదని పేరు దిద్దాను. లెక్క చూడలేదు. పేరు మీద పడిన కన్ను లెక్క మీద పడొద్దా? అప్పటికి నువ్వు చేరి వారమే అయింది. నేను చూస్తాననే కదా నీచేత రాయించింది."

"ఆ మాటే బుధవారం అనొచ్చుగా. నా తప్పు అని."

"అంటే లీడ్ ఏం చేసేవాడు? అప్పటికప్పుడు గోడ మీద తెరిచేవాడు." ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు. "ఎవరమ్మా ఈ పండు అని ఆ రోజు అడిగాను. మా తమ్ముడు సార్, అని నవ్వుతూ చెప్పావు. ఇప్పుడు ఆ పేరు అంతంత అక్షరాలతో నీ ఎదురుగా గోడ మీద... ఏడు నెలలుగా నీ మొహం చూస్తున్నాను. నా వల్ల కాలేదమ్మా. కాగితం మీద అయితే గొడవుండదు కదా, రాసి ఇచ్చేద్దామనుకున్నాను. చరిత్ర కూడా అడుగుతారని తట్టలేదు."

"నేను మెయిల్ పెట్టాను సార్. మీ పేరు చూపిస్తూ."

"తెలుసు. చెప్పాడు. అందులో అబద్ధమేం లేదుగా."

"నాకు మీ మీద కోపం వచ్చింది."

"రానీ," అన్నాడాయన. "ఏదో ఒకటి వచ్చింది కదా."

*

మూడింటికి చిన్న గదిలో కూర్చున్నారు. లీడ్ జవాబు ముసాయిదా ముందు పెట్టుకున్నాడు. రాసినవారు అన్నచోట పెద్దాయన పేరుంది. పెద్దాయన ఎప్పటిలా చివరి కుర్చీలో, ఒళ్ళో స్కేలుతో ఉన్నాడు.

"ఇందులో పేరు తప్పు," అంది ఆమె. "రాసింది నేను. పదకొండేళ్ళ కిందట. ఆయన మెషీను మీద కూర్చుని."

లీడ్ ఇబ్బందిగా కదిలాడు. "మేడం, మీ మంచితనం అర్థమవుతోంది. కానీ నిన్న మీరే కదా పంపారు. పట్టికలో ఆయన పేరే ఉంది. ఆయన సంతకం కూడా ఉంది. మీరు రాశారనడానికి ఏముంది?"

"వద్దమ్మా," అన్నాడు పెద్దాయన మెల్లిగా.

ఆమె లేచి తన ల్యాప్‌టాప్‌కి వైరు తగిలించింది. గోడ మీద తెల్లటి వెలుగు పడింది. ఆ రోజు నాలుగూ ఇరవైకి రాసిన లైను తెరిచి, వెనక కూర్చున్నవాళ్ళకి కూడా కనిపించేలా అక్షరాలు పెద్దవి చేసింది. రెండుసార్లు పెద్దవి చేసింది.

కుర్ర ట్రైనీ ఫక్కున నవ్వాడు. "పండా? పండు ఈజ్ ఈక్వల్ టు జీరో!" పక్కనున్న అమ్మాయికి కూడా నవ్వొచ్చింది. ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇదేం పేరు? పండు అంటే ఏంటి మేడం?" అన్నాడు లీడ్. అతని మొహంలోనూ చిన్న నవ్వుంది.

"మా తమ్ముడు," అంది ఆమె.

ఆ ఒక్క మాట ఆమె ఈ ఆఫీసులో ఏడు నెలలుగా అనలేదు. పదమూడు రోజుల సెలవు చీటీలో కూడా 'కుటుంబ కారణాలు' అని రాసింది. లీడ్ మొహం మీద నవ్వు చెదిరింది. కుర్రవాడు ముందున్న పుస్తకంలోకి చూడసాగాడు. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. లేచిన మనిషి కూర్చోలేదు కూడా. వేలితో గోడ మీది లైను చూపిస్తూ చదివింది.

"పండు సున్నా నుంచి మొదలై పన్నెండు దాకా వెళ్ళాడు. పదకొండు దగ్గర ఆగాలి. ఆపడం నాకు రాలేదు, కొత్త. దర్జీ గారి భార్యకి ఇదే చెప్పండి. రాసినవారు అన్నచోట నా పేరు వెయ్యండి. ఆయన కాగితం ఆయనకి ఇచ్చేయండి."

లీడ్ పెన్ను తీసి ముసాయిదాలో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాశాడు. పక్క గదిలోకి వెళ్ళి, సొరుగులోంచి గీతల కాగితం తెచ్చి, పెద్దాయన ముందు పెట్టాడు. "గడువు సంగతి నా చేతిలో లేదు సార్. కానీ ఇది మాత్రం నా దగ్గర ఉండక్కర్లేదు," అన్నాడు.

పెద్దాయన కాగితం తీసుకోలేదు. గోడకేసే చూస్తున్నాడు. ఒళ్ళోని స్కేలు ఎత్తి, దూరం నుంచే ఆ లైను కింద పట్టి, ఒక్కో ముక్కా చదివినట్టు మెల్లిగా జరిపాడు. చివరికంటా వెళ్ళాక స్కేలు దించాడు.

"పేరు బాగానే ఉందమ్మా," అన్నాడు. "నేనే అనవసరంగా మార్చాను."